నటీమణుల కష్టములు – మన నీతి

కలకత్తా నగరమున హేరంబచంద్ర మైత్రా గారిని గురించి ఒక కథ చిరకాలముగా చెప్పుకొనుచున్నారు. ఆయన సిటీ కళాశాలకు అధ్యక్షులు; బ్రాహ్మసమాజమున పెద్దలు; సత్యవ్రతమున మిక్కిలి పట్టుదల గలవారు. ఒకనాడు వీథిలో ఒక యువకుడు ఆయనను నిలిపి, స్టార్ నాటకశాలకు త్రోవ యేది యని అడిగెనట. నాటకశాల పేరు చెవిని బడినంతనే ఆయన మొగము చిట్లించి, "తెలియదు" అని సాగిపోయెను. నాలుగడుగులు వేసినపిదప, అబద్ధమాడితినే యని మనస్సు కలతపడగా, వెనుకకు పరుగెత్తివచ్చి, "తెలియును, కాని చెప్పను" అని చెప్పి వెడలిపోయెనట. నవ్వుచు చెప్పుకొనెడి కథ యిది. ఆ నవ్వులో గౌరవమును కలదు.

మైత్రా గారు 1938లో కీర్తిశేషులైరి. 1940 డిసెంబరు మాసమున ఆయన కుమారుడు అశోక్ మైత్రా ఒక చలనచిత్ర నటిని వివాహమాడెను. ఆమె కాననబాల. అప్పటికే 'ముక్తి', 'విద్యాపతి' చిత్రములవలన ఆమె పాట వంగదేశమున ఇంటింట మ్రోగుచుండెను. అయినను నగరములోని పెద్దమనుష్యులు ఉలికిపడిరి. దంపతుల నాశీర్వదించి చిన్న కానుక పంపినందుకు రవీంద్రనాథ ఠాకూరు గారిని సైతము నిందించిరి. పెండ్లియైన స్త్రీ చిత్రములలో నటింపరాదని యొత్తిడి వచ్చెను. ఆమె తన వృత్తిని విడువలేదు. 1945లో ఆ వివాహము విడాకులతో ముగిసెను.

ఈ తండ్రి కథను, కొడుకు కథను ప్రక్కప్రక్కన నుంచి మేము పలుమారు ఆలోచించితిమి. మొదటిదానిలో దోషమేమియు గానరాదు. చెడ్డదని తాను నమ్మినచోటికి త్రోవ చూపకుండుట మనుష్యుని యిష్టము. కాని ఆ నాటకశాల లోపల మొగమునకు రంగు పూసికొని నిలిచియున్న ఆడుబిడ్డ మాట యేమి? మంచివారు త్రోవ చెప్పనంతమాత్రమున ప్రేక్షకులు పోవుట మానలేదు. టిక్కెట్లు అమ్ముడుపోవుట ఆగలేదు. మంచివారి చూపు మాత్రము ఆమెమీదినుండి తప్పిపోయెను. చూపు తప్పించుకొనుట నీతియేనా, ఆ అగౌరవమువలన లాభము పొందినవారెవరు అనుటయే మేమిచ్చట విచారింపదలచిన ప్రశ్న.

కాననబాల 1916లో హౌరాలో పుట్టెను. ఆమె నెత్తి పెంచిన తండ్రి గతింపగా, తల్లియు కూతురును బంధువుల యింట పనిపాటలు చేసి పొట్ట పోసికొనిరి. పదియేండ్ల ప్రాయమున, 1926లో, 'జయదేవ' యను మూకీ చిత్రమున ఆమెకు వేషము దొరకెను. ఇత్తుమన్నది ఇరువదియైదు రూపాయలు. చేతికి వచ్చినది అయిదు రూపాయలు. తక్కిన యిరువది మధ్యవారి చేతులలో కరగిపోయెను. 1931లో 'జోర్ బరాత్' చిత్రము తీయుచుండగా, కథానాయకుడు హఠాత్తుగా ఆమెను పట్టుకొని ముద్దుపెట్టెను. అది దర్శకుని యేర్పాటు. ఆమెకు మాత్రము ముందుగా చెప్పలేదు. చెప్పినచో ఒప్పుకొనదని వారికి తెలియును. అప్పటి కామెకు పదునైదేండ్లు. ఈ సంగతులను ఆమె పెద్దదైన పిమ్మట తన యాత్మకథలో వ్రాసికొనెను.

చదువరులు ఒక్కక్షణ మిచ్చట ఆగి, ఆ బాలిక ఎవరితో మొరపెట్టుకొనగలిగియుండునో ఊహింపవలెను. బంధువులతోనా? పోలీసులతోనా? పత్రికలవారితోనా? సంఘసంస్కర్తలతోనా? ఎవరిని ఆశ్రయించినను ఆమెకు ఎదురగు మొదటి మాట యొక్కటే: "నీ వక్కడి కేల పోతివి?" ఆ ప్రశ్న అడిగినవారు తాము నీతిని నిలువబెట్టితిమనుకొందురు. ఇరువది రూపాయలు మ్రింగినవాడు ఆ ప్రశ్ననే నమ్ముకొని మ్రింగెను. ఈమె మాట నెవ్వరును వినరని వాడెరుగును. అగౌరవము మనస్సులోని భావమాత్రమని మనమనుకొందుము. ఈ పిల్ల లెక్కలో అది అక్షరాల ఇరువది రూపాయల కోత.

ఈ దేశమున చలనచిత్రములు పుట్టిననాటి సంగతి అందరెరిగినదే. 1913లో ఫాల్కే గారు 'రాజా హరిశ్చంద్ర' తీసినప్పుడు తారామతి వేషమునకు స్త్రీ దొరకలేదు. వేశ్యలు సైతము రామనిరి. తుదకు భోజనశాలలో వంటపని చేయు సాలుంకే యను యువకుడు మీసము తీయించుకొని చీర కట్టెను. ఆ సంవత్సరమే 'మోహినీ భస్మాసుర' చిత్రమున దుర్గాబాయి కామత్ అను మహారాష్ట్ర స్త్రీయు, ఆమె కుమార్తె కమలాబాయియు నటించిరి. దుర్గాబాయి భర్తను విడిచి, బిడ్డను పోషించుకొనుటకై నాటకములలో చేరిన స్త్రీ. గతిలేని తల్లి సంగతి యిట్లుండగా, ఠాకూరు గారి జోడాసాంకో గృహమున 1881లోనే వారి యన్నకూతురు ప్రతిభ 'వాల్మీకి ప్రతిభ'లో సరస్వతియై రంగమెక్కెను. దానిని కళాసేవ యనిరి. నటనమే పాపమైనచో ఆ గృహమునను పాపమే కావలెను. లోకము కొలిచినది నటనమును గాదు; నటించినవారి వెనుకనున్న గోడ యెత్తును.

మన తెలుగుదేశమున ఈ వైరుధ్యము ఒక్క యింటిలోనే పుట్టెను. రఘుపతి వేంకటరత్నము నాయుడు గారిని ఎరుగని తెలుగువారుండరు. ఆయన బ్రాహ్మధర్మ ప్రచారకులు, కాకినాడ కళాశాలాధ్యక్షులు. భోగము మేళములకు పోరాదని, శుభకార్యములలో వానిని పెట్టించరాదని ఊరూర బోధించినవారు. ఆయన తమ్ముడు రఘుపతి వెంకయ్య నాయుడు గారు మద్రాసులో గెయిటీ యను చలనచిత్రశాలను కట్టించి, కుమారుడు ప్రకాశ్‌ను ఆ విద్య నేర్చుకొనుటకై విదేశములకు బంపిరి. తెలుగు చలనచిత్రములకు పితామహులనిపించుకొనిరి. అన్నగారు మూయదలచినది ఒక రంగము. తమ్ముడుగారు తెరచినది మరియొక రంగము. మొదటి రంగమునుండి వెడలగొట్టబడిన స్త్రీలకు రెండవది తప్ప వేరుచోటు చాలభాగమునకు లేకపోయెను.

ఇచ్చట మా మాట అపార్థము కాగూడదు. వీరేశలింగము పంతులు గారును, వేంకటరత్నము నాయుడు గారును చేసిన పని గొప్పది. పసిపిల్లలను దేవుని పేర అంగడి కెక్కించు ఆచారమును కూలద్రోయుటకు ఎవరో యొకరు నడుము కట్టవలసియుండెను. 1893లో మద్రాసు సంస్కర్తలు, మేళములున్న సభలకు రావలదని వైస్రాయికిని, గవర్నరుకును విన్నపములు పంపిరి. ఆ దొరలు అంగీకరింపలేదు. దేవదాసీలుగా సమర్పించుటను నిషేధించు చట్టము మద్రాసు రాష్ట్రమున 1947లో గాని రాలేదు. ఇది న్యాయమైన చట్టము. మాకు తోచు లోపమంతయు మధ్యకాలమునందే యున్నది. ఆ యేబదియేండ్లలో, మేళము మానిన యింటి ఆడుపిల్ల ఎట్లు బ్రదుకవలెనను ప్రశ్నకు సంస్కర్తలు సిద్ధపరచిన జవాబులు బహుస్వల్పము. శరణాలయములు కొన్ని వెలసెను. వివాహములు కొన్ని జరిగెను. సంగీతము, నాట్యము తప్ప మరియొక విద్య యెరుగనివారు గ్రామఫోను కంపెనీలకును, నాటకసమాజములకును, పిమ్మట టాకీలకును పోయిరి. పోయినచోట మరల మన వెలియే వారి నెదుర్కొనెను. 1873లో బెంగాల్ థియేటరువారు స్త్రీలను నటులుగా తీసికొన నిశ్చయించినప్పుడు విద్యాసాగరులవంటి దయామయుడే ఆ సంఘమును విడిచిపోయెను. వితంతువుల కన్నీరు చూడలేనివాని చూపును ఇచ్చట అడ్డుపెట్టినదేమో మనమాలోచించుకొనవలెను.

మరి స్త్రీల కొరత నెట్లు తీర్చిరి? తెలుగు రంగస్థలమున పురుషులే స్త్రీలైరి. స్థానం నరసింహారావు గారు చీర కట్టి నడచినప్పుడు స్త్రీలే ఆ సొగసును చూచి ఆశ్చర్యపడిరి. 1956లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదమిచ్చి గౌరవించెను. అది తగినదే. స్త్రీ వేషము వేసిన పురుషుడు కళాకారుడైన కాలమున, ఆ వేషమునే వేసిన స్త్రీ నోటికి రాని మాటలు పడెను. మూకీ చిత్రములకు ఆంగ్లో ఇండియను, యూదు స్త్రీలు దొరకిరి. 1921లో ప్రకాశ్ గారు 'భీష్మప్రతిజ్ఞ' తీసినప్పుడు గంగ వేషము పెగ్గీ కాస్టెల్లో యను యువతికి పోయెను. బొంబాయిలో టెలిఫోను కచ్చేరిలో పనిచేయుచుండిన రూబీ మయర్స్ 'సులోచన' యయ్యెను. రెనీ స్మిత్ 'సీతాదేవి' యయ్యెను. వారి మొగములు కావలెను గాని వారి పేరులు పనికిరాలేదు. 1931లో టాకీ వచ్చి మాట స్పష్టముగా పలుకవలసివచ్చినప్పుడు, భాష రాని వారిలో పలువురు వెనుకబడిరి. సులోచనవంటివారు హిందూస్థానీ నేర్చుకొని మరల రావలసివచ్చెను.

మనలో ఒక్క మినహాయింపు కలదు. కడపమండలమున సురభి గ్రామమందు 1885లో పుట్టిన నాటకకుటుంబములలో భార్యలు, కూతుండ్రు, కోడండ్రు తామే స్త్రీవేషములు ధరించిరి. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద'లో లీలావతిగా నటించిన కమలాబాయి ఆ కుటుంబములదే. సురభివారికి రంగమును ఇల్లును ఒక్కటే; తెరవెనుక మామగారో మేనత్తయో ఉండకపోరు. తక్కిన స్త్రీల కీ యండ లేకపోయెను. అంతేగాక మద్రాసులో 1934వరకు మాటల చిత్రములు తీయు స్టూడియోయే లేదు. మొదటి తెలుగు చిత్రములను బొంబాయిలోనో కలకత్తాలోనో తీసిరి. ఆ తరువాత సహితము కొన్నాళ్లు అట్లే జరిగెను. రాజమహేంద్రవరమునుండియో ఏలూరునుండియో బయలుదేరిన ఆడుపిల్ల, రెండు రాత్రులు రైలులో కూర్చుండి, భాష తెలియని నగరమున, కంపెనీవారు చూపిన బసలో, కంపెనీవారు పెట్టిన తిండి తిని, వారు పిలిచినప్పుడు పోవలెను. తిరుగుప్రయాణపు టిక్కెట్టును వారి చేతులలోనిదే.

భానుమతి గారు 1939లో 'వరవిక్రయము'లో నటించుటకు కలకత్తాకు పోయినప్పుడు ఆమెకు పదునాలుగేండ్లు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య గారు వెంటనుండిరి. కథానాయకుడు తన కుమార్తెను తాకరాదని, కౌగిలింపరాదని ఆయన ముందే షరతు పెట్టిరి, కంపెనీవారు ఒప్పుకొనిరి. ఈ షరతును చదివి మేము మొదట నవ్వుకొంటిమి, తరువాత సిగ్గుపడితిమి. అదే కలకత్తా నగరము. ఎనిమిదేండ్ల క్రిందట కాననబాలకు జరిగినదేదియు ఇక్కడ జరుగలేదు. కంపెనీలవారి మనస్సు మారినందున గాదు. ఈ పిల్ల వెనుక నొక తండ్రి నిలిచియుండుటచేత. ఒక బాలికకు తన దేహముపై గల హక్కు, ఆమెతోడ రైలు ఎక్కినవా రుండుటనుబట్టి నిలుచుటయో పోవుటయో జరిగినచో, దానిని హక్కు అనుట యెట్లు? తండ్రి లేని పిల్లకు తండ్రియై నిలువవలసినది సంఘము. ఆ సంఘమో, త్రోవ తెలిసియు చెప్పక పోయెను.

మాతో నొక మిత్రుడిట్లు వాదించెను: "ఆ వృత్తి నిజముగనే చెడియుండెను గదా. గౌరవమిచ్చి మరి కొందరు పిల్లలను అందులోనికి పంపుట మేలా?" వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. దానికి ఉత్తరము ఒక నటియే యిచ్చియున్నది. పూనాలో ప్రభాత్ స్టూడియోవారితో వచ్చిన తగవులో శాంతా ఆప్టే 1939లో స్టూడియో ద్వారముముందర నిరాహారదీక్ష పట్టి కూర్చుండెను. మరుసటి యేడు మహారాష్ట్ర భాషలో ఒక పుస్తకము ప్రకటించెను. దాని పేరునకు 'నేను సినిమాలోనికి పోదునా?' అని యర్థము. ఉత్తరములు వ్రాసి యడుగు ఆడుపిల్లల ప్రశ్ననే ఆమె పేరుగా పెట్టెను. ఆమె విచారించినది శీలమును గూర్చిన ఉపన్యాసము గాదు. పని, జీతము, ఒడంబడిక, యజమాని. నూలుమిల్లులో పనిచేయు స్త్రీకి అన్యాయము జరిగినచో మనము మిల్లును దిద్దుదుమేగాని, ఆమెతో మాటలాడుట మానము. స్టూడియోయును పనిచేయు చోటే యని అంగీకరించుటకు మనకు ఇంత కాల మేల పట్టెనో!

ఒడంబడికల మాట వచ్చినది గనుక కాంచనమాల గారిని స్మరింపక తప్పదు. 1938లో 'మాలపిల్ల' చిత్రమున ఆమె నటించినప్పుడు, అంటరానితనమును ఖండించు ఆ కథను తెలుగుదేశమంతయు చూచెను. ఆమె చిత్రపటములు కేలండర్ల మీదికెక్కి గోడగోడకును వ్రేలాడెను. 1942లో 'బాలనాగమ్మ' ముగియునాటికి స్టూడియోతో ఒడంబడిక విషయమున తగవు వచ్చెను. ఇతరుల చిత్రములలో నటించుటకు ఒడంబడిక యొప్పుకొనదు. ఒడంబడిక గలచోట పని లేదు. కీర్తి శిఖరమున నున్న స్త్రీ ఇరువదియైదేండ్ల వయస్సున ఊరకుండవలసినదయ్యెను. భర్త క్షయరోగమున పోయెను. ఆమె మతి చలించెను. అటుపిమ్మట ఆమెకు నీడ నిచ్చినది మరియొక నటి, లక్ష్మీరాజ్యము గారు. లక్ష్మీరాజ్యము గారు నిర్మించిన 'నర్తనశాల'లో 1963న చిన్న వేషమున కనిపించిన ఆ వృద్ధమూర్తిని చూచి, ఈమెయే గదా మా యింటి గోడమీది చిత్రమని గుర్తించినవారెందరో! 1981లో ఆమె కన్ను మూసెను.

వీరందరికన్నను గతి తప్పినది తిరువనంతపురపు రోజీ. పులయ కులమున పుట్టిన ఆ పేదపిల్ల, 1930 ప్రాంతమున మలయాళమున మొట్టమొదటి కథాచిత్రమైన 'విగతకుమారన్'లో నాయరు స్త్రీగా నటించెను. తెరమీద ఆమెను చూచిన పెద్దకులములవారు రాళ్లు రువ్విరి. ఆమె గుడిసెను తగులబెట్టిరి. ఆమె రాత్రికి రాత్రి ఒక లారీ యెక్కి తమిళదేశమునకు పారిపోయి, పేరు మార్చుకొని, గృహిణియై, ఆ చిత్రము మాట యెత్తకయే బ్రదుకు గడపెను. చిత్రమును నేడు లేదు. కాననబాలకు దక్కనిది కూలి. ఈమెకు దక్కనిది తన పేరే.

అదే కేరళదేశమున 2017లో నటీమణులు తామే సంఘముగా కూడి ప్రభుత్వమునకు మొరపెట్టుకొనగా, న్యాయమూర్తి హేమ గారి యధ్యక్షతన విచారణసంఘ మేర్పడెను. 2019 చివర సమర్పించిన ఆ నివేదిక 2024 ఆగస్టువరకు వెలువడలేదు. అందు వ్రాసిన సంగతులు చదివినవారికి తొంబదియేండ్లు గడచినవను తలంపు కలుగుట కష్టము: చిన్నవేషములవారికి వ్రాతపూర్వకమైన ఒడంబడిక లేకుండుట, బట్టలు మార్చుకొనుటకు చాటు లేకుండుట, మరుగుదొడ్డి లేకుండుట, వేషమునకు బదులుగా దేహమును కోరుట. ఆ నటీమణులే 2019లో ఒక చలనచిత్రసంఘమును స్థాపించి దానికి రోజీ పేరు పెట్టిరి. కలకత్తాలో కాననదేవి గారును, వయస్సు చెల్లిన నటీమణులను ఆదుకొనుటకు మహిళా శిల్పీ మహల్ అను సంఘమును నడిపిరి. సంస్కర్తలు మానిన పనిని వారు తమకు తామే చేసికొనిరి.

ఇంక స్టార్ నాటకశాల మాట. ఆ పేరుగల మొదటి శాలను 1883లో గురుముఖ్ రాయ్ అను వర్తకుడు ధనమిచ్చి కట్టించెను. నటి వినోదిని తనకు వశము కావలెననుట అతని షరతు. తోడి నటులు నాటకశాల నిలుచునను ఆశతో ఆమెను బ్రతిమాలిరి. శాలకు ఆమె పేరే పెట్టుదుమని మాట యిచ్చిరి. ఆమె ఒప్పుకొనెను. పత్రములు వ్రాయించునప్పుడు, వేశ్య పేరుగల శాలకు జనులు రారని తలంచి, ఆమెకు చెప్పకయే స్టార్ అని వ్రాయించిరి. మూడు నాలుగేండ్లలో, ఇరువదినాలుగేండ్లైనను నిండకయే, ఆమె రంగమును విడిచెను. ఈ కథను ఆమె తన చేతితోనే వ్రాసి ప్రకటించెను. పిమ్మట హాతిబగాన్ వీథిలో ఆ పేరుతోనే కట్టిన శాలకు 2024 డిసెంబరులో వంగప్రభుత్వము వినోదిని పేరు పెట్టెను. ఇప్పు డెవరైన ఆ శాలకు త్రోవ యడిగినచో, త్రోవ చెప్పువారు ముందుగా ఆమె పేరు పలుకవలసియుండును.